చీర అంచు నేర్పే రంగుల లెక్క

పెళ్లిళ్ల రోజుల్లో ఏదో ఒక సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లి పావుగంట నిలబడండి. కొనడానికి కాదు, చూడటానికి. కౌంటర్ వెనక నేల నుంచి కప్పు దాకా జాకెట్ ముక్కల మడతలుంటాయి. పసుపుతో మొదలై కుంకుమ, మెరూన్, వంకాయ మీదుగా నీలాల్లోకి పోయి ఆకుపచ్చల్లో తేలుతుంది ఆ గోడ. ఒకావిడ సంచిలోంచి చీర తీసి పరుస్తుంది. కుర్రాడు దాని మీద నాలుగు ముక్కలు గబగబా వేస్తాడు. "ఇది కాదు బాబూ, ఇంకొంచెం ఇటుక రంగు మీదికి రావాలె" అంటుందావిడ. ఐదోది వేస్తాడు. ఆవిడ చీర అంచును ఆ ముక్క మీదికి మడిచి, ఒకడుగు వెనక్కి వేసి, తల వాల్చి చూస్తుంది. తర్వాత రెండూ పట్టుకుని మెట్లు దిగి వీధి వెలుతురులోకి వెళ్తుంది. తిరిగొచ్చి "ఒక మీటర్ కొయ్యి" అంటుంది.

క్రోషే కొక్కెం పట్టడం, గొలుసు వేయడం, వరస తిప్పడం వెనకటి అధ్యాయాల్లో అయిపోయాయి. ఇప్పుడు రంగుల దగ్గరికొచ్చాం. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. చేతిలో పని ఉంటుంది, ఎదురుగా ఊలు ఉండలుంటాయి, ఏది దేని పక్కన పెట్టాలో తోచదు. అలా తోచని రోజున గుర్తు చేసుకోమనే ఆ ఆవిడను ముందుగా చూపించాను.

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒక వదిన ఉంది. చిన్నప్పుడు లేసు అల్లడం నేర్చుకుంది, టేబుల్ మీదికీ టీవీ మీదికీ తెల్ల దారంతో గుడ్డలు చేసింది. మనవరాలు పుట్టాక చిన్న దుప్పటి అల్లాలని కూర్చుంది. "అల్లుడైతే అల్లుత గని రంగులు నాకు తెల్వయి, నువ్వే చెప్పు" అంది నాతో. నేను ఒక్క రంగూ చెప్పలేదు. ఆమె బీరువాలోంచే ఒక ఆకుపచ్చ చీర తీయించి మ్యాచింగ్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఆరు ముక్కలు పక్కకు తోసి ఏడోది పట్టుకోవడానికి ఆమెకు రెండు నిమిషాలు పట్టింది.

"ఎట్ల తెలిసింది వదినా?" అని అడిగాను.

"తెలుసుడేముంది? అవన్నీ చీరను గుంజుతున్నయి, ఇది కల్సిపోయింది."

రంగుల మీద ఇంతకన్నా మంచి మాట నేనెక్కడా వినలేదు. పెళ్లైన నాటి నుంచి ప్రతి చీరకూ జాకెట్టు, ఫాల్, లంగా చూసుకుంటూ వచ్చిన మనిషికి రంగులు తెలియకపోవడమేమిటి? తెలిసిన విద్యను చీర దగ్గర వదిలేసి, ఊలు దగ్గరికి ఖాళీ చేతులతో వస్తున్నాం. దాన్ని ఇటు తెచ్చుకోవడమెలాగో చెప్పాలనే ఈ అధ్యాయం రాస్తున్నాను.

మొదటి పని, రంగుకు మన పేరు పెట్టడం. ఊలు ఉండ చుట్టూ ఉన్న కాగితం మీద రంగుకు చాలాసార్లు అంకె తప్ప పేరు ఉండదు. మన ఇళ్లల్లో ఉన్న పేర్లు చూడండి: ఉల్లిపొట్టు, మామిడి చిగురు, ముక్కుపొడి, గంధం, నేరేడు, కనకాంబరం, చిలకాకుపచ్చ, నెమలికంఠం, రాణి, ఆనంద బ్లూ. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కట్టిన కంచి పట్టు వల్ల ఎమ్మెస్ బ్లూ అన్న పేరే పుట్టింది. "లేత గులాబీ" అంటే పది రంగులు కళ్ల ముందు మెదులుతాయి, "ఉల్లిపొట్టు" అంటే ఒక్కటే. అందులో కాస్త గోధుమ ఉందని, ఎండినట్టు ఉంటుందని, పసుపు పక్కన పెడితే నిలుస్తుందని పేరే చెబుతుంది. మీ దగ్గరున్న ఉండలన్నీ మంచం మీద పోసి ఒక్కొక్క దానికి పేరు పెట్టి చీటీ కట్టండి. పేరు దొరకని రంగు ఏదైనా ఉంటే దాన్ని మీరింకా సరిగ్గా చూడలేదని గుర్తు.

రెండోది వెలుతురు. ఆ ఆవిడ వీధిలోకి ఎందుకు వెళ్లింది? దుకాణంలో ఎల్‌ఈడీ దీపం కింద ఒకలా కలిసిన రెండు రంగులు పగటి వెలుతురులో విడిపోతాయని ఆమెకు అనుభవం. దుకాణం వాళ్లే చెబుతారు, "ఎండల చూడమ్మా, లైట్లల్ల మోసపోతవ్" అని. ఊలుకూ ఇదే వర్తిస్తుంది. బేగంబజార్‌లోనో కోఠిలోనో కొంటున్నా, ఇంటి దగ్గరి ఫ్యాన్సీ స్టోర్‌లో కొంటున్నా ఉండలను గుమ్మం బయటికి తెచ్చి చూడండి. ఫోన్లో కనిపించే దుప్పట్ల బొమ్మల దగ్గర మరీ జాగ్రత్త. వాటిలో చాలావరకు మబ్బు పట్టిన చలి దేశాల ఇళ్లల్లో తీసినవి. ఆ బూడిద, ఆ లేత నీలం అక్కడి కిటికీ వెలుతురులో ఎంతో నెమ్మదిగా ఉంటాయి. మన మే నెల ఎండ పడే హాల్లో వేస్తే నాలుగేళ్లు ఉతికిన బట్టలా వెలిసినట్టు కనిపిస్తాయి. మన ఎండకు నిలబడే రంగులు మన చీరల్లోనే ఉన్నాయి.

మూడోది పొరుగు. రంగు ఎప్పుడూ ఒంటరిగా కనిపించదు. ఫ్రాన్స్‌లో గోబెలిన్ అనే పేరున్న గోడ తివాచీల కార్ఖానా ఉంది. 1824లో అక్కడ అద్దకాలకు అధికారిగా మిషెల్ షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త చేరాడు. నల్ల దారంలో నలుపు సరిగా లేదని, నీలం, ఊదా మడతల్లో నీడలకు వాడితే పేలవంగా ఉంటోందని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన ఆ దారాన్ని వేరే చోట్ల నుంచి తెప్పించిన నల్ల దారాలతో పోల్చి చూశాడు. అద్దకంలో లోపం లేదు. పక్కనున్న నీలమే కంటికి ఆ నలుపును మార్చి చూపుతోంది. ఏళ్ల తరబడి ఆ సంగతి మీదే పనిచేసి 1839లో పెద్ద పుస్తకం వేశాడు. మా వదిన "గుంజుతున్నది" అన్నది ఈ సంగతే. కాబట్టి ఒక ఉండ నచ్చలేదని పక్కన పడేసే ముందు దాని పొరుగును మార్చి చూడండి. ముక్కుపొడి రంగు నలుపు పక్కన మురికిగా ఉంటుంది, గంధం పక్కన పెడితే వెచ్చగా తేరుకుంటుంది.

ఇక అసలు లెక్కకు వద్దాం. మీకు బాగా ఇష్టమైన చీర ఒకటి తీయండి. ఖరీదైనదే కానక్కర్లేదు, కట్టినప్పుడల్లా పది మంది బాగుందన్న చీర అయితే చాలు. దాన్ని మంచం మీద ఒడలు, అంచు, కొంగు మూడూ కనిపించేలా మడత పెట్టండి. ఇప్పుడు బెత్తలతో కొలవండి. మా అమ్మ గద్వాల చీర ఒకటి నేనిలాగే కొలిచాను. మామిడి చిగురు ఒడలు, వంకాయ రంగు అంచు, అంచులో జరీ. కట్టినప్పుడు కనిపించే మేర పది పాళ్లనుకుంటే ఏడు పాళ్లకు పైగా చిగురు, రెండు పాళ్లు వంకాయ, జరీ ఒక పాలు కూడా లేదు. ఆ ఒక పాలు లేని జరీయే మొత్తాన్ని నిలబెడుతోంది. ఇదే లెక్కతో పది ఉండలు కొనండి: ఏడు చిగురు, రెండు వంకాయ, ఒకటి బంగారు పసుపు. ఆ పసుపులోనూ సగం మిగులుతుంది, మిగలాలి కూడా.

నేను మొదట అల్లిన దుప్పటిలో ఆరు రంగులు, ఆరూ సమానం. విడివిడిగా ప్రతి రంగూ నాకు ప్రాణం. నెలన్నర కూర్చుని అల్లాను. పూర్తయ్యాక పరిస్తే కన్ను ఎక్కడా నిలవలేదు, ఒక పట్టీ మీది నుంచి ఇంకో పట్టీకి పరిగెత్తుతూనే ఉంది. తప్పు రంగులది కాదు, పాళ్లది. ఆ దుప్పటి విప్పి, అదే ఊలుతో ఒక రంగును పెద్దను చేసి తిరిగి అల్లాను. రెండు రంగులు అసలు వాడలేదు. ఇప్పుడది మా ఇంట్లో అందరూ లాక్కునే దుప్పటి.

చీర దగ్గరే ఇంకో పాఠం ఉంది. చీరలో మెరిసే నెమలికంఠం ఒక్క రంగు దారంతో రాదు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు, నీలమూ పచ్చా కలిసి గుడ్డ కదిలినప్పుడల్లా మారుతుంది. అల్లికలో ఇది రావాలంటే సన్నటి పోగులు రెండు, ఒకటి నీలం ఒకటి పచ్చ, కలిపి పట్టుకుని ఒకే దారంలా అల్లండి. కొక్కెం ఒక సైజు పెద్దది తీసుకోండి. అచ్చం పట్టులా మెరవదు గానీ దూరం నుంచి చూసినప్పుడు ఆ కదలిక వస్తుంది. మిగిలిపోయిన ముక్క దారాలకు ఇంతకన్నా మంచి వాడకం లేదు.

తెలుగు నేల మీద కొక్కెం అల్లికకు పెద్ద చరిత్రే ఉంది. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చి ఇంటింటి పని అయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ ఊళ్లలో తిరిగి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. వ్యాపారులు దారం ఇచ్చేవారు, ఆడవాళ్లు ఇళ్లల్లో పువ్వులు అల్లేవారు, వాటిని కలిపే అతుకు పని వేరేవాళ్లది, సరుకు విదేశాలకు పోయేది. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పనితనం ముందు నేను తల వంచుతాను. అయితే చదివినప్పుడల్లా ఒక సంగతి మనసులో మెదులుతుంది. ఆర్డరు వచ్చినదాన్ని బట్టే నమూనా, ఇచ్చిన దారాన్ని బట్టే రంగు. అన్ని వేల చేతులకు ఏ రంగు వేయాలో తేల్చుకునే అవకాశం దొరికింది తక్కువ. మా వదిన "రంగులు నాకు తెల్వయి" అన్నప్పుడు నాకు ఆ తెల్ల దారమే గుర్తొచ్చింది. మన కోసం మనం అల్లుకునేటప్పుడైనా ఆ అవకాశాన్ని ఇంకొకరి బొమ్మకు వదిలేయవద్దని నా కోరిక.

బతుకమ్మ రోజుల్లో ఎల్బీనగర్, కొత్తపేట, సరూర్‌నగర్ రోడ్ల పక్కన తంగేడు, గునుగు, బంతి గుట్టలు పోస్తారు. కొక్కెంతో గుండ్రంగా అల్లేవాళ్లకు బతుకమ్మను మించిన పాఠం లేదు, ఎందుకంటే రెండూ చుట్టు మీద చుట్టుగా పెరిగేవే. మా ఇంట్లో పేర్చేటప్పుడు గునుగును కట్టలు కట్టి కొసలను రంగు నీళ్లలో ముంచుతాం. ఒక కట్ట రాణి, ఒక కట్ట నీలం, ఒక కట్ట పచ్చ. ప్రతి రెండు చుట్ల తర్వాత తంగేడు పసుపు తిరిగి వస్తుంది. ఎన్ని రంగులు వేసినా పసుపు ఆ లెక్కన తిరిగి రావడం వల్లే అది ఒక్క బతుకమ్మలా ఉంటుంది, పూల కుప్పలా ఉండదు. మీ గుండ్రటి ఆసనానికో కుషన్‌కో ఇలాగే ఒక "తంగేడు" రంగును ఎంచుకుని మూడో చుట్టుకొకసారి తిరిగి తీసుకురండి.

కానీ ఒక తేడా ఉంది. బతుకమ్మ పైకి పోయేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, మన అల్లిక బయటికి పోయేకొద్దీ పెద్దదవుతుంది. డబుల్ క్రోషేతో చదునైన గుండ్రం అల్లితే మొదటి చుట్టులో 12 కుట్లు, రెండోదాంట్లో 24, తర్వాత 36, ఆ తర్వాత 48. నాలుగో చుట్టు మొదటిదానికి నాలుగింతల దారం తింటుంది. రాణి రంగు గట్టిగా మాట్లాడే రంగు. దాన్ని నడిమిలో పెడితే పన్నెండు కుట్లతో చెప్పాల్సింది చెబుతుంది, బయటి చుట్టులో పెడితే ఇల్లంతా అదే మాట్లాడుతుంది. గంధం, బూడిద, లేత పచ్చ లాంటి నెమ్మది రంగులు బయటి చుట్లకు ఉంచుకోండి.

ఎల్బీనగర్ నుంచి విజయవాడ హైవే మీద పోయి ఎడమకు తిరిగితే భూదాన్ పోచంపల్లి. చౌటుప్పల్ దాటేదాకా పోయి కుడికి నారాయణపురం వైపు వెళితే పుట్టపాక. ఒక ఆదివారం పెట్టుకోండి. నేసే ఇళ్లకు వెళ్లి అడిగితే గ్రాఫ్ కాగితం మీద గీసిన డిజైన్ చూపిస్తారు. ఒక్కో గడిలో ఒక రంగు. అది చూస్తే అల్లేవాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది, ఎందుకంటే మూల నుంచి మూలకు గడులుగా అల్లే దుప్పటికి కావలసినది అచ్చం అదే కాగితం. ఇక్కత్‌లో దారాన్ని నేతకు ముందే కట్లు కట్టి అద్దుతారు, అందుకే ఆకారాల అంచులు కత్తిరించినట్టు ఉండవు, కాస్త చెదిరి పాకుతాయి. ఆ చెదురు కావాలంటే రెండు రంగులు కలిసే చోట ఒక వరస చెరొక పోగు కలిపి అల్లండి. కన్ను ఒక రంగులోంచి ఇంకో రంగులోకి జారుతుంది.

పుట్టపాక తేలియా రుమాలు దగ్గర ఎక్కువసేపు నిలబడండి. నూనె, ఆముదపు కాయల బూడిదతో దారాన్ని నానబెట్టి ఆరబెట్టే పాత పద్ధతి అది, నూనె వల్లే ఆ పేరు. సంప్రదాయంగా అందులో రంగులు మూడే: ఎరుపు, నలుపు, తెలుపు. ఆ మూడింటితోనే గళ్లు, మెట్లు, పక్షులు, గడియారాలు నేశారు. రంగులు చాలక డిజైన్ రావడం లేదని అనిపించినప్పుడు ఆ రుమాలును తలుచుకోండి. ఒక పని పూర్తిగా మూడే రంగులతో చేయాలని పట్టుబట్టి చూడండి, చెయ్యి ఆకారాల వైపు తిరుగుతుంది. ఒక్క హెచ్చరిక. ఇంట్లో కప్పుకోవడానికి ఆ గీతలు తీసుకోవడం నేర్చుకోవడమే. అమ్మకానికి పెట్టి "పోచంపల్లి" అనో "తేలియా" అనో పేరు తగిలించడం మాత్రం తగదు. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు నేసేవాళ్ల కూడు.

రంగు అసలే లేని పాఠం కావాలంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆటోలో సంతోష్‌నగర్ వైపు పైగా సమాధులకు వెళ్లండి. సున్నపు గచ్చుతో చేసిన జాలీలు, గోడలోనే అల్లిన లేసు. ఉదయం పూట నేల మీద పడే నీడ ఫొటో తీసుకుంటే నిండు గడి, ఖాళీ గడి లెక్క కళ్ల ముందే ఉంటుంది. ఒకే రంగు కర్టెన్ అల్లాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. వనస్థలిపురం పక్కన హరిణ వనస్థలిలో వేసవి ఎండుగడ్డి, కృష్ణజింక మగదాని నలుపు, పొట్ట తెలుపు కూడా నా పుస్తకంలో ఉన్నాయి. మా అబ్బాయి మఫ్లర్ అందులోంచి వచ్చింది.

పుస్తకం అన్నాను గదా, అది రెండు వందల పేజీల మామూలు నోటు పుస్తకం. ప్రతి పేజీలో బొటనవేలంత అట్టముక్క, దాని చుట్టూ ఊలు చుట్టి ఉంటుంది. ఎన్ని పాళ్లు వాడదలుచుకున్నానో అన్ని చుట్లు: ఏడు, రెండు, ఒకటి. ఉండలు పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ సమానంగా కనిపించి మోసం చేస్తాయి, అట్ట మీద చుడితేనే పాళ్లు తెలుస్తాయి. ఆ అట్టను ఫోన్లో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. మూడు రంగులూ ఒకే బూడిదగా కనిపిస్తే డిజైన్ దూరానికి కలిసిపోతుంది. ఒకటి ముదురుగా, ఒకటి లేతగా తేలాలి. రాణి, రామా గ్రీన్ విడిగా ఎంత వేరుగా ఉన్నా ఈ పరీక్షలో చాలాసార్లు తప్పిపోతాయి.

కొనేటప్పుడు మాత్రం పొదుపు పనికిరాదు. ఒడలికి కావలసిన ఉండలన్నీ ఒకేసారి, కాగితం మీద ఒకే డై లాట్ నంబరు చూసి తీసుకోండి. రంగు అంకె ఒకటే అయినా అద్దకం వేరైతే దుప్పటి మధ్యలో గీత కనిపిస్తుంది, ఉతికినా పోదు. ఎరుపు, నీలం కాటన్ దారాలను తెల్లగుడ్డ ముక్కతో కలిపి నీళ్లలో రాత్రంతా ఉంచి చూడండి. రంగు దిగితే వాటిని లేత రంగు పక్కకు తేవద్దు. మన వేసవికి ఊలు కాక కాటనే తీసుకోండి, ముఖ్యంగా పసిపిల్లలకు.

మా వదిన తీసుకుంది కాటనే. ఆకుపచ్చ చీరలోంచే పుట్టింది దుప్పటి: అరటాకు పచ్చ ఒడలు, రెండు వైపులా కుంకుమ అంచు, అంచులో రెండే రెండు వరసలు పసుపు. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని అల్లింది. చివర చుట్టూ కట్టుడు వరస వేయాల్సి వచ్చినప్పుడు, పసుపు వేస్తే మెరుస్తుందని నేనన్నాను. ఒప్పుకోలేదు. కుంకుమ అంచు చుట్టూ మళ్లీ కుంకుమే తీసుకుని సింగిల్ క్రోషేతో రెండు చుట్లు బిగించింది.

"గిది ఫాల్ అనుకో" అంది దారం తెంపుతూ. "కనిపియ్యొద్దు గని అంచును పట్టుకోవాలె."